నలభై ఆరు ఓట్లతో బతికిన చేపలు

ఎర్రోని కుంటలోని చేపలన్నీ క్షేమంగా ఉన్నాయని ఇందుమూలంగా తెలియజేయడమైనది. వాటి ఆరోగ్యం గురించి కొందరు పుట్టిస్తున్న పుకార్లను నమ్మవద్దని మా హంసవిహార్ అపార్ట్‌మెంట్ల జీవవైవిధ్య సంఘం ప్రజలకు విజ్ఞప్తి చేస్తోంది. ఆ సంఘానికి సంయుక్త కార్యదర్శిని నేనే కాబట్టి సంగతి మొదటి నుంచీ చెబుతాను.

కిష్టారెడ్డిపేట దాటాక మా అపార్ట్‌మెంట్ల వెనక ఉంది ఈ కుంట. ఎగువన ఒక మందుల ఫ్యాక్టరీ, దిగువన మేము, మధ్యలో నీళ్లు. ఆ నీళ్లు వారానికి మూడు రంగులు మారతాయి. మా ఆవిడ బాల్కనీలోంచి ఒకసారి చూసి, క్యాలెండర్ అవసరం లేకుండా ఈరోజు గురువారమని చెప్పగలదు.

మీకు తెలిసే ఉంటుంది, ఇంటర్నెట్‌లో ప్రపంచ ప్రాణులన్నిటి చిట్టా ఒకటుంది. ఎవరైనా సరే, కనబడిన పిట్టనో పురుగునో ఫొటో తీసి అందులో పెట్టవచ్చు. ఒకరు పేరు రాస్తే, చూసినవాళ్లు 'అంగీకరిస్తున్నాను' అని నొక్కుతారు. మూడింట రెండొంతుల మంది నొక్కితే ఆ పేరు ఖాయం. శాస్త్రాన్ని సామాన్యుడి చేతిలో పెట్టాలన్న గొప్ప ఉద్దేశంతో ఎవరో మహానుభావులు చేసిన ఏర్పాటిది. పాపం, వాళ్లెవరూ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఉండి ఎరగరు.

మా అధ్యక్షులు త్రినాథరావుగారు ఏలూరు వైపు మనిషి. నలభై ఏళ్ల కిందట ఇక్కడి ప్రభుత్వరంగ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, నాణ్యత విభాగానికి పెద్దగా పదవీ విరమణ చేశారు. లిఫ్టు మరమ్మతు నుంచి వినాయకుడి ఎత్తు దాకా ఆయన ఒక మాటంటే మేమందరం చేతులెత్తుతాం. ఎత్తనివారి పార్కింగ్ స్థలం గురించి వచ్చే సమావేశంలో చర్చ ఉంటుంది. వాట్సాప్‌లో ఆయన శుభోదయం అంటే క్షణాల్లో నలభై ఐదు నమస్కారాలు పడతాయి. ఆ నలభై ఐదు మందిమీ, ఆ అలవాటుతోనే, ఆయన వెంట శాస్త్రంలోకి ప్రవేశించాం.

మొదటివారంలోనే ఒక నీటికాకి మొద్దు మీద రెక్కలారబెట్టుకుంటూ దొరికింది. త్రినాథరావుగారు కళ్లజోడు సవరించుకుని అది నల్లహంస అన్నారు. పదకొండు నిమిషాల్లో అందరం అంగీకరించాం. జర్మనీ నుంచి ముప్పై ఏళ్లుగా పక్షుల మీద పనిచేస్తున్న ఒకాయన, అది నీటికాకి అని మర్యాదగా రాశాడు. "జర్మనీలో కూర్చుని మన కుంట గురించి చెప్పడానికి ఆయనెవరండీ? మన మెయింటెనెన్స్ ఆయన కడుతున్నాడా?" అని అధ్యక్షులు అడిగారు. ఆయన కట్టడం లేదు. నల్లహంస నెగ్గింది.

ఆ ఉత్సాహంతో గట్టున పేరుకున్న తెల్లటి నురగను అరుదైన బూజుగా నమోదు చేశాం. గాలికి అది రోడ్డు మీదికొచ్చి స్కూటర్లను ముంచెత్తినప్పుడు, సదరు బూజు కొత్త ప్రాంతాలకు విస్తరిస్తోందని మరో నమోదు చేశాం. ఎగువ ఫ్యాక్టరీవారు మా కృషికి ముగ్ధులై టోపీలు పంపారు. టోపీ మీద ఆకుపచ్చ ఆకు, ఆకు కింద వాళ్ల పేరు ఉన్నాయి.

ఒక్క చేపల విషయంలోనే మాకు వెలితి ఉండేది. అవి నీళ్లలో ఉంటాయి. ఫోన్‌కు అందవు. ఇంతలో ఆ చిట్టా తరఫున జిల్లాలోని కుంటలన్నిటికీ ఒకే ఆదివారం పోటీ పెట్టారు. ఆ ఒక్కరోజులో ఎక్కువ రకాల ప్రాణులను నమోదు చేసిన కుంటకు 'సజీవ జలాశయం' అనే బిరుదు ఇస్తారు. చేపలు సహకరించడం లేదని మా కమిటీ విచారం వ్యక్తం చేస్తూ తీర్మానం కూడా చేసింది.

పోటీకి ముందురోజు పెద్ద వాన పడింది. ఆ వానలో ఫ్యాక్టరీవారు తమ వ్యర్థాల పైపు తెరిచారని కొందరంటారు, అదే తెరుచుకుందని ఫ్యాక్టరీవారంటారు. ఆదివారం తెల్లవారగానే ఆ టోపీలు పెట్టుకుని వెళ్లేసరికి కుంట నిండా చేపలే. బొచ్చెలు, రవ్వలు, జెల్లలు, కొర్రమట్టలు, బంగారుతీగలు, అన్నీ నీటి మీదికొచ్చి వెల్లకిలా పడుకుని ఉన్నాయి. ఫొటోలకు అంత ఓపికగా నిలిచిన ప్రాణులను నేనెన్నడూ చూడలేదు. త్రినాథరావుగారు ముక్కుకు రుమాలు కట్టుకుని, గట్టెక్కి ప్రసంగించారు. "సోదరసోదరీమణులారా, ఇన్నాళ్లకు ఈ మూగజీవులు మనల్ని నమ్మి పైకొచ్చాయి."

మధ్యాహ్నానికల్లా తొమ్మిది రకాల చేపలు నమోదయ్యాయి. వాటిని తినడానికి వచ్చిన గద్దలు, కాకులు, కుక్కలు, ఈగలు అదనం. మేం జిల్లాలో మొదటి స్థానంలోకి వచ్చాం.

ఇక్కడ రాజవ్వ గురించి చెప్పాలి. నలభై ఏళ్లుగా ఆ కుంటలో వలేసి బతుకుతున్న మనిషి. అవి ఆమె, ఆమె తోటివాళ్లు వానాకాలం మొదట్లో బిందెలతో తెచ్చి వదిలిన చేపపిల్లలు. ఆమె మనవరాలు నిషిత సంగారెడ్డిలో డిగ్రీ చదువుతోంది. ఆ చిట్టాలో ప్రతి ఫొటో కింద 'బతికి ఉందా, చనిపోయిందా' అని ఒక గడి ఉంటుంది. ఎవరినీ నొప్పించకూడదని మేం దాన్ని ఖాళీగా వదిలాం. ఈ అమ్మాయి ప్రతి చేప కింద 'చనిపోయింది' అని నొక్కుకుంటూ పోయింది. పైగా, "నేను చూసిన. మా నాయినమ్మ చూసింది. అన్నీ చచ్చినయ్" అని రాసింది.

అత్యవసర సమావేశం జరిగింది. చచ్చిన కుంటకు సజీవ జలాశయం బిరుదు ఎలా ఇస్తారని త్రినాథరావుగారు ఆవేదన చెందారు. ఆయన ముందుగా 'బతికి ఉంది' అని నొక్కారు. తరువాత వరుసగా మేమందరం నొక్కాం. నలభై ఆరుకు ఒకటి. భారీ ఆధిక్యంతో చేపలు బతికాయి.

రాజవ్వ ఆ పైపు మూయించాలని అధికారులకు ఫిర్యాదు పెట్టుకుంది. చేపలు చచ్చాయని తేలితే పైపు మూయిస్తామన్నారు. తనిఖీకి వచ్చిన అధికారి కారు అద్దం దించకుండానే ఫోన్‌లో చిట్టా చూశాడు. "ఇందులో బతికే ఉన్నాయని ఉంది కదమ్మా. ప్రజలే శాస్త్రవేత్తలైనప్పుడు ప్రజల మాట నేనెట్లా కాదంటాను?" అన్నాడు. అపార్ట్‌మెంట్లవాళ్లు మార్చి రాస్తే మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

మరునాడు రాజవ్వ మా క్లబ్‌హౌస్‌కు వచ్చింది. చేతిలో తట్ట, తట్టలో ఒక బొచ్చె. దాన్ని క్యారమ్ బోర్డు పక్కన పెట్టింది.

"సారూ, నేను సదువుకోలే. గిది సచ్చిందో బతికిందో మీరే జెర సూసి చెప్పుండ్రి. మీరొక్క మాటంటే ఆ పైపు బంద్ జేస్తరట."

"చూడమ్మా, ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు" అన్నారు త్రినాథరావుగారు, కిటికీ తెరుస్తూ. "సభ్యులందరూ ఆమోదించినది. నేనొక్కణ్నే మారిస్తే ప్రజాస్వామ్యానికి విరుద్ధం."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా. ఐతారమైతారం నా కాడనే చేపలు కొనుక్కపోతివి. సెవుల రెక్క లేపి ఎర్రగున్నదా లేదా సూడంది తీసుకోకపోతివి. సచ్చిన చేప ఎట్లుంటదో నీకెరుక లేదా?"

చేప మొప్ప నల్లగా ఉంది. అది నాకు కనిపిస్తూనే ఉంది. "కార్యదర్శిగారు ఊళ్లో లేరు రాజవ్వా, నేను సంయుక్త కార్యదర్శిని మాత్రమే" అన్నాను. ఆమె తట్ట అక్కడే వదిలి వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. సమావేశపు పుస్తకంలో అది రాయలేదు.

బిరుదు మాకే వచ్చింది. పైపు కూడా అలాగే ఉంది. కుంటలో మళ్లీ చేపపిల్లలు వేయడం దండగని రాజవ్వ వాళ్లు మానుకున్నారు. ఆమె ఇప్పుడు ఇస్నాపూర్‌లో ఒక దుకాణం ముందు కూర్చుని, ఐసుపెట్టెల్లో లారీ మీద వచ్చే చేపలు కోసి ఇస్తోంది.

సన్మానం నాడు క్లబ్‌హౌస్‌లోనే విందు జరిగింది. ఆంధ్రావాళ్లం, తెలంగాణవాళ్లం అన్న తేడా లేకుండా అందరికీ ఇష్టమని చేపల పులుసు పెట్టించారు. త్రినాథరావుగారు మొదటి ముద్ద కలపబోతూ ఆగి, వడ్డించే మనిషిని దగ్గరికి పిలిచి, నెమ్మదిగా ఒక మాట అడిగారు. "ఇవి మన కుంటవి కాదు కదా?"

"కాదు సార్. ఇస్నాపూర్ దుకాణంల తెచ్చినం, లారీ చేపలు" అన్నాడతను.

ఆయన స్థిమితపడి భోంచేశారు. వడ్డన మా వరుసలోకి వచ్చేసరికి ఆ మనిషి మేం అడక్కుండానే ఒక్కొక్కరికీ అదే జవాబు చెప్పుకుంటూ వచ్చాడు. నేను మాత్రం అతను చెప్పాక కూడా మరోసారి అడిగి నిర్ధారించుకున్నాను.

చిట్టాలో ఓటు మార్చుకునే వీలు ఈనాటికీ ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు. కాకపోతే ఎవరు మార్చారో పేరుతో సహా కనిపిస్తుంది. అందువల్ల చేపలు ఇంకా బతికే ఉన్నాయి.