వేలాడే గూటికి ఈశాన్యమేది

ఒక పెద్ద అడవిలో ఇళ్లు కట్టడం వచ్చినవాళ్లు ఎక్కువైపోయారు. అది చూసి జంబుకయ్య అనే నక్కకు దిగులు పట్టుకుంది, ఎందుకంటే దానికి ఏ పనీ రాదు. ఏ పనీ రానివాడు దర్జాగా బతకాలంటే కాలేజీ పెట్టడమొక్కటే దారని వాళ్ల తాత చెప్పేవాడట.

వేసవి మొదట్లో అది సింహం దగ్గరికి వెళ్లి, ఒక్క పిట్టకూ చదువుకున్న పట్టా లేదనీ, అయినా అన్నీ గూళ్లు కట్టేస్తున్నాయనీ చెవిలో వేసింది. సింహం గుహలో పుట్టి గుహలో పెరిగింది. కట్టడమంటే ఏమిటో దానికి తెలియదు గానీ, పట్టా లేకుండా కట్టడం మాత్రం ఘోరమనిపించింది. ఇకమీదట పట్టా లేనివాళ్లు అడవిలో ఇల్లు కట్టరాదని మర్నాడే దండోరా వేయించింది.

ఆ పట్టాలివ్వడానికి జంబుకయ్య పెట్టిన కాలేజీలో రెండే కోర్సులు. ఒకటి ఇళ్ల ప్లాన్లు గీయడం, రెండోది వ్యాపార నిర్వహణ. మొదటిదానికి కోకిలమ్మను మేడమ్‌గా పెట్టారు. ఏడు తరాలుగా ఆ వంశంలో ఎవరూ పుల్ల మీద పుల్ల పెట్టి ఎరగరు. అయితే అన్ని కాకిగూళ్లలో పుట్టి పెరిగిన అనుభవం ఇంకెవరికుంది? రెండోదానికి నాగుపాము మాస్టారు. చెదలు పెట్టిన పుట్టలో, చిటికెడు మట్టి మోయకుండా కాపురముంటున్నవాడికన్నా నిర్వహణ తెలిసినవాడెవడని నక్క అడిగింది. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకూ సబబే అనిపించింది.

కాకులన్నీ ప్లాన్లలో చేరాయి. చెదలన్నీ నిర్వహణలో చేరాయి. పోచయ్య అనే గిజిగాడు కూడా, వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మను వదిలి, ప్లాన్ల క్లాసులో వెనక వరసలో కూర్చున్నాడు.

గిజిగాళ్లలో ఒక ఆచారం ఉంది. మగాడు సగం గూడు అల్లి ఆగాలి. ఆడది వచ్చి ముక్కుతో పోచ పోచా లాగి చూసి సరేనంటేనే మిగతా సగం అల్లాలి. ఏటా పోచయ్య ఆ పరీక్ష పాసవుతూనే ఉన్నాడు. ఈ ఏడు మాత్రం పట్టా వచ్చేదాకా పోచ ముట్టరాదు. వానలు దగ్గరపడుతున్నాయి, అతని భార్య చిట్టెమ్మకు నెలలు నిండుతున్నాయి.

పరీక్షలో ప్లాన్లు తాటాకుల మీద గీయాలి. పోచయ్య తనకు తెలిసిన గూడే గీశాడు. కోకిలమ్మ తల అడ్డంగా తిప్పి చూసింది.

"గుమ్మం కిందికి పెట్టావేం?"

"పాములు దూరకుండానండి."

పక్కన కూర్చున్న నాగుపాము మాస్టారు చిన్నగా దగ్గాడు. కోకిలమ్మ మాట మార్చింది. "సరే, తూర్పు గుమ్మం ఏది? ఈశాన్యం ఎటుంది?"

"గాలొస్తే గూడు తిరుగుతుందండి. ఈశాన్యం ఒకచోట నిలవదు."

"నిలవని ఈశాన్యానికి నేను మార్కులెలా వెయ్యను?"

పోచయ్య తప్పాడు. రెండోసారీ అదే బొమ్మ గీసి తప్పాడు. మూడోసారి బుద్ధిగా తూర్పు గుమ్మం, అరుగు, మూడు మెట్లు గీశాడు. కానీ చేతులు ఊరుకోక, అడుగున 'ఇందులో గుడ్లు దొర్లి వాగులో పడును' అని రాశాడు. అడగనిది రాసినందుకు ఉన్న మార్కులూ పోయాయి.

"ఈసారి సప్లిమెంటరీలో చూసుకుందాంలే" అన్నాడు తుమ్మకొమ్మకు తిరిగొచ్చి.

చిట్టెమ్మకు ఒళ్లు మండింది. "నీకు ఎన్ని సప్లిమెంటరీలైనా ఉంటాయయ్యా. నా గుడ్లకు లేవు."

ఆ మాట పోచయ్య గుండెలో దిగింది. తప్పిన మూడు తాటాకులూ సన్నగా చీల్చి, తుమ్మకొమ్మకు సగం గూడు అల్లి ఆగాడు. చిట్టెమ్మ లాగి చూసి సరేనంది. రెండో రోజుకు గూడు పూర్తయింది, మూడో రోజుకు గుడ్లు పడ్డాయి.

జంబుకయ్య పరుగున వచ్చి, పట్టా లేకుండా గూడెలా కట్టావని నిలదీసింది.

"గూడు కాదండి, తప్పిన జవాబు పత్రాలు ఆరేసుకున్నాను" అన్నాడు పోచయ్య.

"మరి లోపల ఆవిడెవరు?"

"తప్పులు దిద్దుతోందండి."

జవాబు పత్రాలు ఆరేసుకోకూడదని దండోరాలో ఎక్కడా లేదు. నక్క గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

పోచయ్య తప్ప అందరూ ఫస్టు క్లాసులో పాసయ్యారు. అక్కడే కథ అడ్డం తిరిగింది. పాసైన కాకి పుల్ల మోయడం నామోషీ అనుకుంది. కాకులు మూడు వందల ప్లాన్లు గీశాయి గానీ గూడు ఒక్కటీ లేవలేదు. చెదల సంగతి ఇంకా అన్యాయం. పుట్టలో ప్రతి చెదపురుగూ మేనేజరైపోయి, మట్టి మోయడానికి తన కింద ఎవరున్నారా అని వెతుక్కోసాగింది.

తొలివానకే, మరమ్మతు లేని పుట్ట కూలింది. నాగుపాము మాస్టారు తడుస్తూ తుమ్మచెట్టెక్కి, గూటి చుట్టూ తిరిగి, కింద ఉన్న గుమ్మం అందుకోబోయి జారి వాగులో పడ్డాడు. కోకిలమ్మకు గుడ్డు పెట్టడానికి కాకిగూడే దొరకలేదు. మంచి మార్కులొచ్చిన ప్లాను ఒకటి వెతికి దానిమీద పెట్టింది. అది దొర్లి పగిలింది. పాపం, ఆవిడ ఏడుపు విని నాకూ జాలేసింది.

పట్టాల పండగకు వచ్చిన సింహం జూలు తడిసి ముద్దయింది. ఈ కాలేజీ వల్ల లేచిన ఇల్లు ఒక్కటి చూపించమని గర్జించింది. నక్క దిక్కులు చూసి, చివరికి గిజిగాడి గూటికేసి తోక చూపించింది. తమ విద్యార్థేననీ, తమ తాటాకులతోనే కట్టాడనీ చెప్పుకుంది. సింహం గూటిని పంజాతో ఊపి చూసింది. చుక్క కారలేదు. మెచ్చుకుని, అక్కడికక్కడే పెద్ద తాటాకు మీద పట్టా రాయించి చాచింది.

చిట్టెమ్మ కింది గుమ్మంలోంచి తల బయటపెట్టింది. "వద్దు మహారాజా. ఈయనకు పట్టా ఇస్తే పైఏడు నేను గుడ్లెక్కడ పెట్టుకోను?"

రాజు చాచిన చెయ్యి వెనక్కి తీయడు. చిట్టెమ్మ ఆ పట్టా ముక్కుతో అందుకుని నాలుగు చీలికలు చేసి, గాలివాటున గూడు పలచగా ఉన్నచోట అల్లమని పోచయ్యకు అందించింది. అతను అల్లేశాడు. ఆ కాలేజీ పట్టా ఒక ఇంటికి పనికిరావడం అదే మొదలు, అదే చివర.

నీతి: ప్రతి పరీక్షలోనూ ఒక్కడినైనా తప్పించండి, లేకపోతే వానకు తలదాచుకోవడానికి ఇల్లుండదు.