అత్తగారి మోకాలు, కింది ఇంటి తలుపు

ఆ రోజు ఉదయం ఫిజియోథెరపీ లెక్చరరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మోకాలి ఆపరేషనై నెల దాటినా అత్తగారు మంచం దిగడం లేదు. ఏం చెప్పబోయినా "నువ్వు నాకు నడక నేర్పుతావుటే?" అని అటు తిరిగి పడుకునేది. అందుకని తన విద్యార్థులు ముగ్గురిని ఇంటికి పంపాలనుకుంది.

"కొందరికి వింటే వస్తుంది, కొందరికి చూస్తే వస్తుంది, కొందరికి చేస్తేగాని రాదు. మీరూ అంతే, పేషెంట్లూ అంతే. మా అత్తగారు ఏ రకమో కనిపెట్టి, ఆ పద్ధతిలో వ్యాయామం నేర్పి రండి. మూడో అంతస్తు" అని క్లాసులో చెప్పింది.

ఆ ముగ్గురూ నేల అంతస్తును కూడా లెక్కలో కలుపుకుని, ఒక మెట్ల వరుస ముందే ఆగి బెల్లు కొట్టారు.

తలుపు తీసింది యూనివర్సిటీ పోస్టాఫీసులో రిటైరైన పోస్టుమాస్టరమ్మ. పై ఇంటివాళ్ళ తడిబట్టల నీళ్ళు తన బాల్కనీలో పడుతున్నాయని ఆవిడ లెక్చరరమ్మ అత్తగారితో మాట్లాడడం ఎప్పుడో మానేసింది.

"మోకాళ్ళ నొప్పి మీకేనా అమ్మా?" అంది ముగ్గురిలో మాటకారి పిల్ల.

"ఈ వయసులో ఎవరికుండదే తల్లీ! ఎవరు పంపారు?"

"యూనివర్సిటీ నుంచి వచ్చామండీ."

"ఇన్నేళ్ళు చాకిరీ చేస్తే ఇప్పటికి గుర్తొచ్చానా! రండి, రండి."

మాటకారి వివరించింది. కళ్ళజోడు కుర్రాడు బొమ్మ గీసి చూపించాడు. మూడో అమ్మాయి కాలు పట్టుకుని చేయించింది. పోస్టుమాస్టరమ్మకు అన్ని పద్ధతులూ వంటబట్టాయి. ఆ సంబరంలో పక్కింటావిడకు ఫోన్ చేసింది. ఆవిడ ఎదురింటికి చెప్పింది. కాసేపటికి హాల్లో కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు. కళ్ళు కూడా చూస్తారని ఎవరో అన్నారు. ఒక పెద్దాయన పళ్ళసెట్టు చేత్తో పట్టుకుని వచ్చాడు.

కళ్ళజోడు కుర్రాడు కంగారుగా ఫోన్ చేశాడు. "మేడమ్, మీ అత్తగారు బంగారం! చెప్పినట్టల్లా వింటున్నారు. కాకపోతే చుట్టాలు ఎక్కువగా ఉన్నారు."

"చెప్పినట్టల్లా వింటోందా? మీరు ఎవరింట్లో ఉన్నారసలు?" అంది లెక్చరరమ్మ.

వెంటనే ఇంట్లో ఉన్న భర్తకు ఫోన్ చేసి సంగతి చెప్పి, తనూ ఆటో ఎక్కింది.

ఆయన వెళ్ళి తల్లితో అన్నాడు. "నీకోసం వచ్చిన పిల్లలమ్మా, ఇల్లు పొరబడి కిందావిడకు నేర్పుతున్నారు. పిలుచుకొస్తానుండు."

"నాకోసం వచ్చినవాళ్ళను ఆవిడ పట్టుకుందా?" అని అత్తగారు లేచి కూర్చుంది.

లెక్చరరమ్మ వచ్చేసరికి అత్తగారు రెయిలింగ్ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతోంది. వెనకాల కొడుకు వాకర్ నెత్తిన పెట్టుకుని వస్తున్నాడు. పలకరిస్తే ఆగిపోతుందేమోనని లెక్చరరమ్మ ఊపిరి బిగబట్టి నిలబడింది. కళ్ళనీళ్ళు మాత్రం ఆగలేదు.

"ఆ పిల్లలు నా పిల్లలు" అంది అత్తగారు గుమ్మంలోంచే.

పోస్టుమాస్టరమ్మ పోట్లాటకు దిగలేదు. "దిగొచ్చారా! మీ చప్పుడు లేక, బాల్కనీలో చుక్క పడక, నెల రోజులుగా ఒకటే దిగులండీ" అంది.

అత్తగారు "కాస్త జరగండి" అని ఆవిడ పక్కనే కూర్చుని, కాలు చాపింది.

"ఇల్లు తప్పాం, మార్కులు తగ్గించకండి మేడమ్. మీ అత్తగారు ఏ రకమని రాయమంటారు?" అడిగింది మాటకారి.

"పుస్తకంలో లేని రకం. మార్కులదేముంది, మీకు చేతులెత్తి దండం పెట్టాలి" అంది లెక్చరరమ్మ. పోస్టుమాస్టరమ్మ వైపు తిరిగి ఆవిడ చేతులు పట్టుకుంది. "మీరు తలుపు తీయకపోతే మా అత్తయ్య మంచం దిగేది కాదండీ."

"నీ మోకాళ్ళెలా ఉన్నాయని ఇన్నాళ్ళకు ఒకరు అడిగారమ్మా. నేనే మీకు రుణపడ్డాను."

మర్నాటి నుంచి అత్తగారూ పోస్టుమాస్టరమ్మా రోజూ పొద్దున వరండాలో కలిసి నడుస్తున్నారు. ఎవరు ముందు నడవాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.