వంద మంది వైద్యులు, ఒక్క కాలు

ఆ రోజు పొద్దున ఆకాశం నిండా మబ్బులు. సూర్యుడి జాడే లేదు, ఇక చుక్కల సంగతి చెప్పేదేముంది? అయినా ఆ మబ్బుల వెనక వంద మంది వైద్యులు తెల్లకోట్లు తొడుక్కుని, మా అక్క కాలి వంకే చూస్తూ కూర్చున్నారని మా మేనల్లుడు నాకు తెలియజేశాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఈ లోకానికి ఆసుపత్రులు శుద్ధ దండగ అని ఈ వ్యాసంలో నిరూపించబోతున్నాను.

నవ్వకండి. నేను చదివింది ఊరి బడిలోనే కావచ్చు, ఆధారం లేకుండా మాత్రం నోరు మెదపను.

ఆధారం ఇదీ. మా అక్కది శతభిష నక్షత్రం. ఇరవై ఏడింటిలో ఇరవై నాలుగోది. శతం అంటే వంద, భిషక్కులంటే వైద్యులు. పుట్టీ పుట్టగానే మనిషి పేరున వంద మంది వైద్యుల్ని రాసిపెట్టే నక్షత్రం ఇంకోటి ఉందా? టోకెన్ లేదు. బెంచీ మీద కూర్చుని ఎవరి పేరు పిలుస్తారా అని చెవులు రిక్కించనక్కర్లేదు. చదవరాని చేతిరాతతో చీటీ లేదు. అన్నిటికన్నా గొప్ప సదుపాయం, ఆ వంద మందిలో ఒక్కడు కూడా కాలు చూపించమని అడగడు!

ఈ నక్షత్రానికి అధిదేవత వరుణుడు. నీళ్ళన్నిటికీ రాజు. వెయ్యి కళ్ళతో లోకాన్ని కనిపెట్టి చూస్తుంటాడట. తప్పు చేసినవాణ్ణి పాశంతో బిగిస్తే వాడి ఒళ్ళు నీరుపట్టి ఉబ్బుతుందట. మళ్ళీ దయ కలిగితే తన దగ్గరున్న వంద మంది వైద్యుల్ని పంపి ఆ కట్లు విప్పిస్తాడట. ఈ చుక్కకు గుర్తు ఖాళీ వృత్తం. జంతువు ఆడగుర్రం.

కథ బాగుంది. కథను నేను తప్పు పట్టను. ఎప్పుడో, ఎక్కడో, జబ్బు మనిషి పక్కన నిద్రలేకుండా కూర్చున్నవాళ్ళెవరో ఆకాశం వంక చూసి అక్కడ వంద మంది వైద్యులున్నారని అనుకుని ఉంటారు. దగ్గర్లో ఒక్కడు కూడా లేడు కాబట్టి వంద మందిని ఊహించుకున్నారు. మా అక్క ఇంటికి రెండు వీధుల అవతల ఆసుపత్రి ఉంది. అంతే తేడా.

మా మేనల్లుడు, అంటే అక్క కొడుకు, సెల్‌ఫోన్ల దుకాణంలో మేనేజరు. కొనేవాళ్ళు రాని మధ్యాహ్నాల్లో కౌంటరు వెనక కూర్చుని నక్షత్రాల వీడియోలు చూశాడు. చూసి చూసి, చెప్పడం మొదలుపెట్టాడు.

వాడి పాండిత్యం వల్ల ఇంటికీ వీధికీ జరిగిన మేలు ఇంతా అంతా కాదు. వాడి భార్యది భరణి. ఆ చుక్కకు దేవత యముడు, లక్షణం భరించడం. అందుకని అంట్లు తోమడం, బట్టలు ఉతకడం, అత్తగారి మాత్రల వేళలు గుర్తుపెట్టుకోవడం ఆమె పుట్టుకలోనే ఉన్నాయని తేలిపోయింది. వాడిది స్వాతి. గాలికి ఊగే లేత మొలక, దేవత వాయువు. గాలిని ఎవరైనా సింకు ముందు నిలబెట్టగలరా?

పక్కింటి టైపిస్టుది ఆర్ద్ర. గుర్తు కన్నీటి బొట్టు. ఆమె ఇంట్లో కుళాయి కారుతుంటే ప్లంబర్ని పిలవబోయింది. అది నీ చుక్క స్వభావం, ఆపితే అరిష్టం అన్నాడు వీడు. ఇప్పుడు కుళాయి కింద ఒక బకెట్, బకెట్ పక్కన ఆమె. వెనక వాటాలో ఉండే డ్రైవరుది మూల. దేవత నిరృతి, ఆవిడ పనే విధ్వంసం. అతను వ్యానుతో గేటును గుద్ది పడేసినప్పుడు ఎవరూ నోరెత్తలేదు. దేవతను ఏమని అడుగుతారు?

నా నక్షత్రం కూడా అడిగాడు. తెలియదన్నాను. నేను పుట్టిన రోజు గురించి మా అమ్మకు గుర్తున్నదల్లా, పాడిగేదె కట్టు తెంచుకు పోయిందనీ, ఇంటిల్లిపాదీ దాన్ని వెతకడానికి వెళ్ళారనీ. నక్షత్రం లేనివాడికి స్వభావం ఎక్కడినుంచి వస్తుందని వాడు నా వంక జాలిగా చూశాడు.

ఇక కాలి సంగతి.

మా అక్క దర్జీ. ఇంటి ముందు గదిలో తొక్కుడు మిషను మీద బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆ గది నేలంతా దారపు పోగులు, గుడ్డ ముక్కలు, గుండుసూదులు. వాటిలో ఒకటి కుడిపాదం అంచున, చిటికెనవేలు కింద దిగింది. ఆమెకు షుగరు. ఆ పాదానికి సూది దిగిన సంగతి తెలియలేదు. సాయంత్రం తెల్లగుడ్డ మీద రక్తపు మరక చూసి, ఇది ఎవరిదా అనుకుందట.

నాలుగు రోజులకు పుండు పడింది. ఆసుపత్రికి తీసుకెళ్దామని కోడలు అంది. శతభిషం మనిషికి ఆసుపత్రా అని వాడు నవ్వి, వైద్యం తనే నిర్ణయించాడు. వరుణుడు నీళ్ళ దేవుడు గనక పొద్దునా సాయంత్రం కాలు బకెట్ నీళ్ళలో నానబెట్టాలి. గుర్తు వృత్తం గనక పుండు చుట్టూ పెన్నుతో ఒక వృత్తం గీయాలి. రోగం ఆ గీత దాటి రాదు.

దాటింది.

అంతమాత్రానికి పండితుడు కంగారు పడతాడా? దాని బయట ఇంకొంచెం పెద్ద వృత్తం గీశాడు. అదీ దాటితే మూడోది, చీలమండ చుట్టూ కడియంలాగా. నక్షత్రం ఎంత ఉదారమో చూడండి, ఇంతే సైజని పట్టుబట్టదు!

ఈ చుక్కలో పుట్టినవాళ్ళకు ఇంకో సుగుణం ఉందట. బాధ బయటికి చెప్పుకోరట. ఒంటరితనం ఇష్టమట. తమ జబ్బు తామే లోలోపల నయం చేసుకుంటారట. ఇంట్లో పెద్దవాళ్ళున్న ప్రతివాళ్ళకూ ఈ లక్షణాన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను. ఎంత సుఖం! అడిగితే కదా వాళ్ళు చెప్పేది? చెబితే కదా మనం కుర్చీలోంచి లేవాల్సింది?

కోడలు నాకు ఫోను చేసి, ఒకసారి వచ్చి వెళ్ళమని మాత్రం చెప్పి పెట్టేసింది. మబ్బు పట్టిన ఆ పొద్దున బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి మిషను చప్పుడు వినబడింది. అక్క మిషను తొక్కితే గుడ్డ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఆగదు. ఆ రోజు రెండు తొక్కులకే ఆగుతోంది. మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగుతోంది. లోపలికి వెళితే ఎడమకాలితో తొక్కుతూ కనబడింది. కుడికాలు పీట మీద చాపి ఉంది. ఆ గదిలో ఎప్పుడూ కొత్తగుడ్డ వాసన ఉంటుంది. ఆ రోజు వేరే వాసన.

ఎరుపు మూడో గీత దాటి పిక్క వైపు పాకుతోంది.

"ఇంకో గీత పెద్దది గీస్తానన్నాడు రా తమ్ముడూ," అంది అక్క.

"గీయడానికి ఇంకా కాలెంత మిగిలింది?" అన్నాను.

మేనల్లుడు నొచ్చుకున్నాడు. "నీకు నమ్మకం లేకపోతే పోనీ మామయ్యా. ఆ మబ్బుల వెనక వంద మంది ఉన్నారు, అమ్మ కాలినే చూస్తున్నారు."

"ఇవాళ డ్యూటీ ఎవరిదో కనుక్కో అల్లుడూ. ఈలోగా మేం కింద, ఆసుపత్రిలో ఉన్నావిడకి చూపించుకొస్తాం."

కోడలు తలుపు వెనక నుంచి ఒక సంచీ బయటికి తీసింది. అత్తగారి బట్టలు, దుప్పటి, చెంబు, పాత మందుచీటీలు అందులో ముందే సర్దిపెట్టి ఉన్నాయి. భరణికి దేవత యముడని వాడే చెప్పాడు కదా, ఆమె మొగుడి వంక చూసిన చూపుతో ఆ ముక్క నాకు బాగా అర్థమైంది. వాడు చెప్పులేసుకుని వెంట వచ్చాడు.

బండిలో అక్క ఒకే ఒక్క మాట అడిగింది. "కాలు తీసేస్తారా? తీసేస్తే మిషను ఎలా తొక్కేది?"

అప్పుడు తెలిసింది నాకు, చుక్కను ఆమె అంత గట్టిగా ఎందుకు పట్టుకుందో. కత్తి పట్టుకోని వైద్యులు ఆ వంద మందే మరి.

డాక్టరమ్మ నిద్ర చాలని మనిషి. అద్దాలు పైకి తోసుకుని కాలు దీపం కిందికి జరిపింది. గీతలు చూసింది.

"ఎవరు గీశారివి?"

మా వాడు ముందుకొచ్చాడు. "నేనేనండీ."

"ఒక్కోటి ఎప్పుడెప్పుడు గీశారో గుర్తుందా?"

గుర్తుండకేం? మొదటిది పోయిన వారం, రెండోది సోమవారం, మూడోది మొన్న సాయంత్రం అని ఒప్పజెప్పాడు. చెబుతూ నా వంక ఒక చూపు విసిరాడు. చుక్కల విద్యకు గుర్తింపు వస్తోందని నేను కూడా గమనించాలి కదా!

డాక్టరమ్మ తల ఎత్తింది. "అంటే ఇది ఎంత జోరుగా పాకుతోందో మీకు ముందునుంచీ తెలుసు."

వాడు నోరు తెరిచాడు. వంద మంది వైద్యుల్లో ఒక్కడూ మాట అందించలేదు.

ఆవిడ జేబులోంచి పెన్ను తీసి, ఎరుపు ఎక్కడి దాకా వచ్చిందో అక్కడ తను కూడా ఒక గీత గీసింది. ఇది దాటిందంటే తను ఏ పనిలో ఉన్నా పిలవమని నర్సుకు చెప్పింది. చూశారా? అదే కాలు, అలాంటి పెన్నే, అలాంటి గీతే. కాకపోతే ఆవిడ చూడటానికి గీసింది. మా వాడు ఇక చూడక్కర్లేదని గీశాడు.

చిటికెనవేలూ, దాని పక్కవేలూ తీసేశారు. పాదం దక్కింది. పుండు మానాక మిషను తొక్కొచ్చన్నారు. ఇంకొక్క వారం ఆగి వచ్చుంటే ఏం తీసేవాళ్ళో డాక్టరమ్మ చేత్తో చూపించింది. మోకాలి దగ్గర ఆగింది ఆ చేయి.

ఇప్పుడు నా వాదన ముగించాలి. ఆసుపత్రులు దండగ అన్నాను, ఆ మాట మీదే ఉన్నాను. ఇంట్లో ఉన్న మనిషిని ఇంట్లోవాళ్ళు ఒక్కసారి తిన్నగా చూస్తే సగం వార్డులు తాళాలు వేసుకోవచ్చు. చుక్కల మీద నాకేం పగ? అవి ఎక్కడో ఉన్నాయి, వాటికి మా అక్క కాలు కనబడకపోవడంలో తప్పు లేదు. వీడు మూరెడు దూరంలో, చేత పెన్ను పట్టుకుని, ఆ కాలి మీదికే వంగి కూర్చున్నాడు. వెయ్యి కళ్ళ దేవుణ్ణి నమ్మినవాడికి సొంత కళ్ళు రెండూ దేనికో నాకింతవరకూ అంతుపట్టలేదు.

వేళ్ళు తీసిన మర్నాడు మధ్యాహ్నం కోడలు ఆసుపత్రికి క్యారియరు తెచ్చింది. మేనల్లుడు దుకాణానికి పోలేదు. మంచం చివర స్టూలు మీద కూర్చుని కట్టు కట్టిన పాదం వంకే చూస్తున్నాడు. తలెత్తి, "సలుపుతోందా అమ్మా?" అన్నాడు.

అక్క వాడి వంక చూసింది.

"సలుపుతోంది. కాలు వాచినప్పట్నుంచీ సలుపుతూనే ఉందిరా."

కోడలు నలుగురికీ కంచాలు పెట్టి అన్నం వడ్డించింది. వాడు కలిపాడు గానీ ముద్ద ఎత్తలేదు. అక్క కాస్త ముందుకు వంగి తన కంచంలోని కూర తీసి వాడి కంచంలో వేసింది. వాడు తలొంచుకుని తినడం మొదలుపెట్టాడు. మేమూ తిన్నాం.