పట్టాల మీద మంత్రిగారి ముఖం

"ఇకమీదట ఈ దేశంలో పల్లెలు రైలు కోసం ఎదురుచూడవు. రైలే పల్లెల కోసం ఎదురుచూస్తుంది!" అని రవాణా మంత్రి గౌరవనీయ డాక్టర్ బెస్టర్ చింగోండె గారు రేడియోలో ప్రకటించారు. పదకొండేళ్ల తరవాత సరస్సు లైన్లో పాసింజరు బండి మళ్లీ నడవబోతోంది. చిపుంగా స్టేషను మాస్టరు వైసన్ కచేపాకు ఆ మాట వినగానే కళ్లు చెమర్చాయి. ఆ పదకొండేళ్లూ రాని బండి కోసం రోజూ పచ్చజెండా ఇస్త్రీ చేసి పెట్టుకున్న మనిషి మరి.

మంత్రిగారు ఉత్త మాటల మనిషి కాదు. వారం తిరక్కుండా పని మొదలుపెట్టారు, అంటే గుడ్డ అచ్చు వేయించారు. మా దేశంలో గుడ్డ లేకుండా ఏ పథకమూ నిలబడదు. ఆడవాళ్లు నడుముకు చుట్టుకునే చితెంజె మీద మధ్యలో తట్టంత మంత్రిగారి ముఖం, దాని చుట్టూ నీలం రైలు, అంచు వెంబడి స్టేషన్ల పేర్లు. అలాంటివి నలభై వేల గుడ్డలు. ఇంజను మాత్రం ఒక్కటే, అదీ ఎర్రది. గుడ్డ చూసి దానికి నీలం రంగు పూశారు.

చిపుంగాకు రెండు వందల గుడ్డలు వచ్చాయి. కచేపా అంచు ఈ కొసనుంచి ఆ కొసదాకా చదివాడు. తిరగేసి మళ్లీ చదివాడు. పద్నాలుగు పేర్లకు పదమూడే ఉన్నాయి. లేనిది చిపుంగా. హెడ్డాఫీసు ప్రచార అధికారికి ఫోన్ చేశాడు.

"అయ్యా, మా స్టేషను గుడ్డ మీద లేదండి."

"గుడ్డ మీద లేదంటే లైన్లో లేదన్నమాట."

"స్టేషనుందండి. అందులో కూచునే మాట్లాడుతున్నా."

"చూడు కచేపా, ఆ డిజైన్ మీద మంత్రిగారు స్వయంగా సంతకం పెట్టారు. ఆయన తప్పు చేశారంటావా?"

"అయ్యయ్యో, ఎంతమాట!"

"మరి తప్పెవరిది?"

"స్టేషనుదేనండి."

"శభాష్! పైకొస్తావు. బండి అక్కడ ఆగదు. నెలాఖరుకు తాళం వేసెయ్."

ఈ కబురు ఎనెలెసికి చేరింది. ఆవిడ ఊళ్లో మంత్రుల ముందు నాట్యమాడే ఆడవాళ్ల దళానికి నాయకురాలు, టమాటాలు పండించే మనిషి. రోడ్డు మీది వంతెన నిరుటి వరదకు కొట్టుకుపోయింది. ఊరి టమాటాలు పట్నం చేరాలంటే రైలొక్కటే దిక్కు. ఈసారి పంట విరగకాసింది. మొదటిరోజు బండి ఆగకుండా దూసుకుపోతుంటే, కొత్త చితెంజెలు కట్టుకొచ్చిన ఆడవాళ్లంతా తొంభై బుట్టల పక్కన నోరు తెరుచుకుని నిలబడిపోయారు.

రెండోరోజు ఎనెలెసి రెండు గడకర్రలు పట్టాలకు అటూ ఇటూ పాతి, మధ్యలో చితెంజె బిగించి కట్టింది. మంత్రిగారు బండికేసి చిరునవ్వు నవ్వుతున్నారు. లాస్టోని అనే డ్రైవరు దాన్ని చూశాడు. కీచుమంటూ ఇంజను మంత్రిగారి ముక్కుకు జానెడు దూరంలో ఆగింది.

"పెద్దమ్మా, అది తియ్!"

"నేనెందుకు తీస్తాను నాయనా? తొక్కుకుంటూ పో. ముక్కు మీదుగా పోతావో మూతి మీదుగా పోతావో నీ ఇష్టం."

లాస్టోని వెనక్కి తిరిగి చూశాడు. పెట్టెల కిటికీల నిండా మంత్రిగారి పార్టీ కుర్రాళ్ల తలకాయలు. "ముగ్గురు పిల్లలున్నారు పెద్దమ్మా నాకు," అన్నాడు నీరసంగా.

"అయితే దిగి ఓ చెయ్యి వెయ్యి. బుట్టలెక్కించాలి."

నాలుగోరోజుకల్లా హెడ్డాఫీసు నుంచి సంజాయిషీ అడిగారు. ఉద్యోగం పోయినట్టే అనుకుంటూ కచేపా తెల్లారేదాకా కూచుని జవాబు రాశాడు: "బండి ఆగుట లేదు. మంత్రివర్యులకు నమస్కరించుచున్నది."

మంత్రిగారు పరవశించిపోయారు. 'యంత్రాలు సైతం వందనం!' అని పత్రిక మొదటి పేజీలో వేసింది. చిపుంగా స్టేషను కాదు గనక అక్కడ ఆగడం నిషేధమనీ, అయిదు నిమిషాల వందనం మాత్రం తప్పనిసరి అనీ టైంటేబుల్లో ఎక్కించారు. తాళం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కచేపాకు గౌరవ వందన పర్యవేక్షకుడనే హోదా కూడా వచ్చింది. మూణ్ణెల్లు టమాటాలు హాయిగా పట్నం చేరాయి. కచేపా రోజూ జెండాతోపాటు మంత్రిగారిని కూడా ఇస్త్రీ చేసేవాడు.

ఓ గురువారం, యథాప్రకారం గుడ్డ కట్టారు, బుట్టలు పేర్చారు. మలుపులో బండి కూత వినబడింది.

"ఏం మాస్టారూ, ఇవాళ ఇంత జోరుగా వస్తోంది?"

"భక్తి ముదిరింది పెద్దమ్మా."

బండి ఆగలేదు. గడకర్రలు పటపటా విరిగాయి. గుడ్డ ఇంజను మూతికి అతుక్కుంది. మంత్రిగారు అదే చిరునవ్వుతో, గంటకు నలభై మైళ్ల వేగంతో చిపుంగా దాటిపోయారు. లాస్టోని కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు:

"పెద్దమ్మా! మీ ఊళ్లో రేడియో లేదా?"

కచేపా రేడియోలో బ్యాటరీలు అయిపోయి వారమైంది. పరుగున వెళ్లి హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు. నిన్న సాయంత్రమే చింగోండె గారిని తీసేశారట. ఎనెలెసి గుమ్మంలో నిలబడి వింటోంది.

"కొత్తాయన గుడ్డ ఎప్పుడొస్తుందో కనుక్కో."

"అయ్యా, కొత్త మంత్రిగారి గుడ్డ..."

"అచ్చయిపోయిందయ్యా. ఈసారి నీ చిపుంగా కూడా ఉంది. పెద్ద అక్షరాలు."

కచేపాకు ప్రాణం లేచొచ్చింది. "రైలు ఆగుతుందాండీ అయితే?"

"రైలెక్కడిది? రేపటి నుంచి రద్దు. కొత్తాయన గుడ్డ మీద బస్సుంది."

కచేపా ఫోన్ పెట్టేసి, ఎండలో పేర్చి ఉన్న తొంభై బుట్టలకేసి చూశాడు. వాటిమీద అప్పుడే ఈగలు వాలుతున్నాయి.

"మన ఊరి పేరు వేశారు పెద్దమ్మా. ఇంటిముందుకే బస్సొస్తుందట."

"ఏ వంతెన మీదుగా?" అంది ఎనెలెసి.