అద్దాల బీరువాలో ఎర్రబంతి

పిల్లల సర్వతోముఖాభివృద్ధికి ఆటస్థలం ఎంత అవసరమో, ఆ ఆటస్థలాన్ని పిల్లల బారి నుంచి కాపాడటం అంతకన్నా అవసరమని ఆ బడి యాజమాన్యం మిగతా ప్రపంచం కన్నా ముందే కనిపెట్టింది. అందుకే పచ్చిక చుట్టూ తాడు కట్టి, ఆటస్థల పరిరక్షణాధికారి అనే ఉద్యోగాన్ని సృష్టించి, ఒక మీసాలాయనను అందులో నియమించింది. ఏ పిల్లవాడి బూటు తాడు దాటినా ఆయన ఈల ఊదుతాడు. (ఆ బడిలో ఆటలకు సంబంధించి వినిపించే చప్పుడు అదొక్కటే.)

అక్కడ లేని సౌకర్యమంటూ లేదు. ఈతకొలను ఉంది. నీళ్ళు నింపితే పాచి పడుతుందని నింపలేదు గానీ, పిల్లలు తరగతి గదిలో బల్లల మీద బోర్లా పడుకుని చేతులాడిస్తూ ఈతలో ఉన్నత స్థాయికి చేరుకున్నారు. పియానో ముసుగు తీస్తే దుమ్ము పడుతుంది కనుక ముసుగు మీదే వేళ్ళాడించి, పాట మనసులో వినేవారు. సాయంత్రం కాగానే బడి యాప్ నుంచి తల్లిదండ్రుల ఫోన్లకు కబురు వచ్చేది: "అభినందనలు! మీ చిన్నారి ఈరోజు ఉల్లాసంగా ఆడింది." కింద గంతులేస్తున్న చిన్నారి ఫొటో. (మీ చిన్నారి కాదు. యాప్‌తో పాటు వచ్చిన చిన్నారి.)

ఇంత వైభవం మధ్య ఆటల మాస్టారు ఒక్కడికే మనసు మనసులో ఉండేది కాదు. కారణం ఆయన కూతురు. అదే బడిలో మూడో తరగతి. వరండాలో అద్దాల బీరువా, అందులో ఒక ఎర్రబంతి. పాప రోజూ అద్దానికి ముక్కు ఆనించి దాన్నే చూసేది.

"నాన్నా, అది ఎగురుతుందా?"

"భలేగా ఎగురుతుందమ్మా."

"నువ్వు చూశావా?"

ఆటల మాస్టారై ఉండి ఆ ప్రశ్నకు నీళ్ళు నమలాల్సి వచ్చేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే ధైర్యం కూడగట్టుకుని ప్రిన్సిపాల్ మేడం గదికి వెళ్ళాడు.

"మేడం, పిల్లలకి ఒక్కసారి ఆ బంతి ఇద్దామండీ."

"ఇస్తే?"

"ఆడుకుంటారండీ."

మేడం కళ్ళజోడు తీసి ఆయన వంక జాలిగా చూసింది. "మాస్టారూ, అది క్రీడా సామగ్రి. ఆడితే పాడైపోదూ? రేపు తనిఖీకి వచ్చినవాళ్ళకి ఏం చూపించమంటారు, మీరే చెప్పండి."

మాస్టారు బుర్ర గోక్కున్నాడు. "పోనీ, తుడవడానికైనా ఇద్దామండీ. దుమ్ము పట్టిపోయింది."

తుడవడానికి మేడం అభ్యంతరం చెప్పలేదు. ఆ విధంగా శుక్రవారం ఆఖరి పీరియడులో 'క్రీడా సంస్కారం' అనే పాఠ్యాంశం పుట్టింది. పిల్లలు చేతులు కడుక్కుని, వరుసలో వచ్చి, బంతిని రెండు చేతులా అందుకుని, మెత్తటి గుడ్డతో తుడిచి, బీరువాలో పెట్టి తలుపు వేయాలి. ఆ వంకనైనా తన పాప బంతిని ముట్టుకుంటుందని మాస్టారి ఎత్తు. ముట్టుకుంది. ఏడాది తిరిగేసరికి ఆ సబ్జెక్టులో బడికే ఫస్టొచ్చింది. (గుడ్డ మడతలో ఒక్క మార్కు పోయింది.)

అంతలో తనిఖీ సంఘం వస్తోందన్నారు. కొత్త నిబంధన ప్రకారం సంఘం అధ్యక్షుడు తానే ఒక పిల్లను పిలిచి ఆడించి చూస్తాడట. మేడం గుండెల్లో రాయి పడింది. మాస్టారికి మాత్రం ప్రాణం లేచొచ్చింది.

"అమ్మలూ, ఆ రోజు బంతి బయటికొస్తుంది. ఎవరొస్తారని అడిగితే నువ్వే ముందుకెళ్ళు."

"వెళ్ళి ఏం చెయ్యాలి నాన్నా?"

"దాన్ని చూస్తే నీకే తెలుస్తుందిలే."

పిల్లలకు ఆట ఒకరు నేర్పక్కర్లేదని ఆయన నమ్మకం. (జీతం తీసుకునే ఆటల మాస్టారికి ఉండకూడని నమ్మకం.)

ఆ రోజు రానే వచ్చింది. తాడు విప్పారు. మీసాలాయన ఈల జేబులో వేసుకుని, చూడలేక ముఖం తిప్పుకున్నాడు. పిల్లలు పచ్చిక అంచున బూట్లు విప్పి నిలబడ్డారు. నెరిసిన జుట్టు అధ్యక్షుడు బంతిని ఒకసారి ఎగరేసి పట్టుకుని, ముందుకొచ్చిన పాపను చూసి నవ్వి, దాన్ని గడ్డి మీద దొర్లించాడు.

"ఏదీ పాపా, గట్టిగా ఒక్కటి తన్ను!"

బంతి దొర్లుకుంటూ వచ్చి పాప కాళ్ళ దగ్గర ఆగింది. పాప తండ్రి వంక చూసింది. మాస్టారు 'కానీ' అన్నట్టు తలూపాడు. ఆ ఒక్క తన్నుకు పచ్చిక లేచిపోయినా సరే, తన ఉద్యోగం పోయినా సరే అనుకున్నాడు.

పాప మోకాళ్ళ మీద కూర్చుంది. జేబులోంచి గుడ్డ తీసింది. బంతికి అంటుకున్న గడ్డిపరకలు ఒక్కొక్కటే ఏరి, చుట్టూ తుడిచి, రెండు చేతులా పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వరండా దాకా వెళ్ళి, బీరువాలో పెట్టి తలుపు వేసింది. తిరిగొచ్చి గుడ్డ మడిచింది. ఈసారి మడత తప్పలేదు.

మాస్టారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆనందబాష్పాలు కాబోలనుకుని మేడం ఆయనకు తన చేతిరుమాలు ఇచ్చింది.

"ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదండీ," అన్నాడు అధ్యక్షుడు. సర్వతోముఖాభివృద్ధిలో బడికి అత్యున్నత శ్రేణి వచ్చింది. క్రీడా సంస్కారాన్ని అన్ని బడుల్లోనూ ప్రవేశపెట్టాలని సంఘం సిఫార్సు చేసింది. దాన్ని కనిపెట్టినందుకు మాస్టారి మెడలో పతకం వేశారు.

సాయంత్రం ఇంటికి నడుస్తుంటే మాస్టారి జేబులో ఫోను మోగింది. ఆయన చిన్నారి ఈరోజు ఉల్లాసంగా ఆడిందట. పాప మాత్రం దారి పొడవునా ఏదో ఆలోచిస్తూ, చివరికి ఉండబట్టలేక అడిగింది.

"నాన్నా, ఆ తాతగారు అంత మంచి బంతిని నేల మీద పడేశారేంటి? ఆయనకి బళ్ళో నేర్పలేదా?"

మాస్టారు మెడలోని పతకం తీసి జేబులో వేసుకున్నాడు.

"లేదమ్మా. పాపం, ఆయన బళ్ళో ఏ సౌకర్యాలూ ఉండేవి కావు."