కూర్మయ్య పోయిన కబురు

ఆ సోమవారం వెంకటేశు పథకం చిన్నదే. ఏక్‌బాల్‌పూర్‌లో ఇంటి దగ్గర ఏడింటికి బస్సెక్కాలి, సాల్ట్ లేక్ ఆఫీసులో ప్రోగ్రాము టెస్టులు పూర్తి చెయ్యాలి, మధ్యాహ్నం మేనేజరు గోపీనాథ్‌కు చూపించి ఉద్యోగం పర్మనెంట్ చేయించుకోవాలి. మూడుసార్లు వాయిదా పడ్డ ముచ్చట. ఈసారీ తప్పితే ఇంటికే.

బయల్దేరబోతుంటే, కుళాయి దగ్గర పళ్లు తోముకుంటున్న తండ్రి కూర్మయ్య నెత్తిన కాకి తన్నింది. రేవులో ముప్పయ్యేళ్లు మూటలు మోసిన మనిషి, తల తడుముకుని ఊరుకున్నాడు. తల్లి సన్యాసమ్మ మాత్రం గుండెలు బాదుకుంది. కాకి తన్నితే చావు మూడినట్టేనని ఆమె నమ్మకం. మనిషి పోయాడని అబద్ధపు కబురు పంపాలి, విన్నవాళ్లు నిజంగా ఏడవాలి. అప్పుడే గండం తప్పుతుంది.

"ఒరే, మీ నాయిన పోయాడని కబురెట్రా. ఎవులైనా ఏడిసేదాకా నాకు నెమ్మది లేదు."

"ఆఫీసుకెళ్లి పెడతానే అమ్మా, వదులు!"

దారి ఉండనే ఉంది. ఆఫీసులో వాళ్లు తయారు చేస్తున్నది రిటైరైన రేవు కూలీల సంఘానికి వెబ్‌సైటు. సభ్యుడు పోయాడని నమోదు చేస్తే, కంట్రోలర్ అనే ప్రోగ్రాము సభ్యులందరి ఫోన్లకూ మెసేజి పంపిస్తుంది. టెస్టులో నిజంగా పంపకూడదు కనుక, మెసేజులు మోసే భాగం బదులు ఉత్తుత్తి బంట్రోతును పెడతారు. దాన్నే మాక్ అంటారు. ఏం చెప్పినా "పంపేశాను" అంటుంది, ఏమీ పంపదు. వెంకటేశు పోయిన సభ్యుడిగా తండ్రి పేరు కొట్టి టెస్టు నడిపాడు. పచ్చగా పాసైంది. అమ్మ మాటా దక్కింది, ఎవరికీ బాధా లేదు!

అయ్యో, మాక్‌ను తయారు చేశాడే గానీ కంట్రోలర్ చేతికివ్వడం మరిచాడు. అది అసలు బంట్రోతునే పిలిచింది. ఎనిమిది వందల ఫోన్లు మోగాయి.

కూర్మయ్య కొడుకు మీ దగ్గరే కదా, పంపించండంటూ పది నిమిషాల్లో సంఘం కార్యదర్శి నుంచి గోపీనాథ్‌కు ఫోనొచ్చింది. ఆయన పరుగున వచ్చి వెంకటేశు భుజం పట్టుకున్నాడు.

"నాన్నగారు పోతే ఆఫీసుకొచ్చావేంటయ్యా? పద, నేనూ వస్తాను!"

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. వెంకటేశు తల వంచుకుని, గోపీనాథ్ తెప్పించిన పూలదండతో సహా ఆఫీసు కారెక్కాడు.

ఇంటి ముందు సంఘం ఎర్రజెండా పట్టుకుని నలుగురు నిలబడ్డారు. పోయినాయన వాళ్లకు టీ పోస్తున్నాడు.

"ఎనిమిది వందలమందికి సెప్తే నలుగురేనేటి?" అని, వాళ్లలో ఒకడు, రేవులో తనతో మూటలు మోసిన గవరయ్యను నిలదీశాడు కూర్మయ్య.

"ఎండ మండిపోతంది గదేటి," అన్నాడు గవరయ్య.

"ఎవులూ ఏడవనేదా?" సన్యాసమ్మ నిలువునా నీరుగారిపోయింది.

గోపీనాథ్ దండ పట్టుకుని కూర్మయ్యను ఎగాదిగా చూశాడు.

"వెంకటేశూ, టెస్టులో మాక్ పెట్టలేదా?"

"పెట్టాను సార్. కంట్రోలర్‌కి ఇవ్వలేదు."

"రేపట్నుంచి ఆఫీసుకు రానక్కర్లేదు."

కారు వెళ్లిపోయింది. వెంకటేశు గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. సన్యాసమ్మ మొహం ఒక్కసారిగా విప్పారింది.

"ఏడిసినాడు! సొంత కొడుకే ఏడిసినాడు! గండం గట్టెక్కింది!"

కూర్మయ్య కళ్లొత్తుకున్నాడు. గవరయ్య సంతోషం పట్టలేక జెండా ఊపాడు. కొడుకు ఎందుకు ఏడుస్తున్నాడో అడగాలని అక్కడ ఎవరికీ తోచలేదు.