పంపు సంగతి సమాచారం కిందికి రాదు

ఓటరు అన్నవాడు అభ్యర్థి ఎవరో, ఇంతకుముందు ఏం వెలగబెట్టాడో, రేపు ఏం చేస్తానంటున్నాడో క్షుణ్ణంగా తెలుసుకుని మరీ ఓటు వేయాలి. ఈ మాటను కాదన్న మనిషి గాంబియా నది ఒడ్డున ఇంతవరకు పుట్టలేదు. అందరూ ఒప్పుకున్న సంగతి గనుక దాన్ని ఎవరో ఒకరు ఆచరించి చూపాలని ఎవరికీ తోచలేదు. కెర్ మాలిక్ ఊళ్లో కూరగాయలు పండించుకునే సోహ్నా జోబ్‌కు మాత్రం తోచింది. అందుకు కారణం దేశభక్తి కాదు, ఉల్లినారు.

ఆ ఊరి ఆడవాళ్లంతా ఒకే కంచె లోపల తోట వేస్తారు. ఎవరి మడులు వాళ్లవి, నీళ్లు మాత్రం అందరివీ. కొన్నేళ్ల కిందట ఆ తోటకు సోలార్ పంపు వచ్చింది. నల్లద్దాల కార్లలో ఎవరెవరో వచ్చి రిబ్బను కత్తిరించారు, ఆడవాళ్లు కొత్త బట్టలు కట్టి ఆడారు. ఆ సంబరం అలసట తీరకముందే ఒక లారీ వచ్చి, మరమ్మతుకని చెప్పి పంపును ఊడదీసుకుపోయింది. (పనిచేసే పంపుకు మరమ్మతేమిటని అడిగితే, పాడైపోయాక చేయిస్తే ఆలస్యమవుతుందని జవాబు.) అప్పటినుంచి బావిలో నీళ్లు చేదుకోవడమే. ఎండలు ముదిరేసరికి సగం మడులు మాడిపోతాయి, చేతులు బొబ్బలెక్కుతాయి.

ఇప్పుడు దేశాధ్యక్ష పదవికి నిలబడ్డ ముగ్గురూ ఆ పంపును తిరిగి తెప్పిస్తామనే అంటున్నారు. దన్సో రేడియోలో అన్నాడు, సోవే టోపీలు పంచుతూ అన్నాడు, బిరాం న్జియే గారు పాట కట్టించి మరీ అనిపించారు. తోట సంఘానికి పెద్ద రోహే పెద్దమ్మ. ఆవిడ ముగ్గురి మాటలూ విని, సోహ్నాను పిలిచింది.

"తెస్తామంటున్నారు సరే, అసలు పట్టుకుపోయిందెవడో తెలియాలి కదే! వెళ్లి కనుక్కురా. నీకు నాలుగక్షరాలొచ్చు, నోరు కూడా ఉంది. నువ్వు ఎవరి పేరు చెబితే మేమందరం వాడి డ్రమ్ములోనే గోళీ వేస్తాం."

అక్కడ ఓటంటే గోళీ. అభ్యర్థి బొమ్మ అంటించిన డ్రమ్ములో గోళీ జారవిడిస్తే లోపల గంట ఒక్కసారి మోగుతుంది. (పోలింగు జరిగే చోటికి సైకిలు తేకూడదు. దారినపోయేవాడు గంట కొడుతూ దేశం తలరాత మార్చేస్తాడని జాగ్రత్త.)

సోహ్నా మంచి గుడ్డ తలకు చుట్టుకుని, బస్సెక్కి జిల్లా పట్నం వెళ్లింది. అక్కడ 'అభ్యర్థుల సమాచార నిష్పక్షపాత వితరణ కేంద్రం' అని ఒక ఆఫీసు ఉంది. ఓటర్ల అజ్ఞానాన్ని పోగొట్టడానికే దాన్ని పెట్టారు. పేరు చదవడం పూర్తయ్యేసరికి భోజనాల వేళ అవుతుంది గనుక జనం ఎక్కువగా రారు.

లోపల ఒక కిటికీ, కిటికీ వెనక ఒక యువకుడు, అతని ముందు అత్తాయా టీ మరుగుతున్న బొగ్గుల కుంపటి. బల్ల మీద పలక: ఊసైనూ న్జియే, సమాచార అధికారి.

"నీ పేరేంటక్కా?"

"సోహ్నా జోబ్."

అధికారి మొహం వికసించింది. "జోబా! అయ్యో, పొరపాటున వచ్చావు. ఇక్కడ అన్నం పెట్టరు."

"న్జియేలున్న చోట అన్నం మిగలదని నాకు తెలీదా? ఆ టీ గ్లాసు దాచెయ్, దాన్ని కూడా మింగేలా ఉన్నావు."

ఇందులో ఎవరూ నొచ్చుకోవలసిందేమీ లేదు. జోబ్, న్జియే అన్న ఇంటిపేర్లవాళ్లకు తాతల కాలంనుంచి సరసాల వరస ఉంది. బావామరదుల్లా ఒకరినొకరు దొంగ అనుకోవచ్చు, తిండిబోతు అనుకోవచ్చు, పెళ్లిలోనూ చావులోనూ అనుకోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడే మర్యాద తెలియనివాడు.

తిట్లు ముగిశాక అధికారి గొంతు సవరించుకుని, కేంద్రం అచ్చువేసిన పుస్తకం ఇచ్చాడు. సోహ్నా తెరిచి చూసింది. ముగ్గురు అభ్యర్థులూ తల్లి కడుపున పుట్టారని మొదటి పేజీలో ఉంది. ముగ్గురికీ దేశమంటే ప్రేమ. ముగ్గురూ అన్నం తింటారు. ఫొటోలు ఉండవలసిన చోట మూడు టోపీలు ఉన్నాయి.

"వీళ్ల మొహాలేవి?"

"మొహాలు ఒకలా లేవక్కా. ఒకాయనకు మీసం ఉంది. మీసం ఉన్నాయనకు లాభమో నష్టమో తేలలేదు, అందుకని తీసేశాం."

"చదువు?"

"ఒకాయన పెద్ద చదువు చదివాడు, ఒకాయన చదవలేదు. రాస్తే చదవనాయనకు అన్యాయం కదా?"

"ఎవరు ఏ పదవి చేశారో అదైనా ఉండాలిగా!"

"ఇద్దరు చేశారు, ఒకరు చేయలేదు. తీసేశాం. జైలుకు కూడా ఒక్కరే వెళ్లారు. మిగతా ఇద్దరూ చిన్నబుచ్చుకుంటారని అదీ తీసేశాం."

కేంద్రానికి నాలుగో నిబంధన అని ఒకటి ఉంది. ఒక అభ్యర్థికి ఉండి మరొక అభ్యర్థికి లేని ఏ సంగతినీ ఓటరుకు చెప్పరాదు, అది పక్షపాతం అవుతుంది. ఈ నిబంధన ప్రకారమే కిందటి నెల రేడియోలో చర్చ కూడా పెట్టారు. ముగ్గురికీ సమానమైన సమయం ఇవ్వాలి గనుక ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. (శ్రోతలకు బాగా నచ్చింది. మళ్లీ వేయమని ఫోన్లు వచ్చాయి.)

సోహ్నాకు చిరాకు పుట్టుకొచ్చింది. "చూడు తమ్ముడూ, నాకు మీసాలు వద్దు, చదువులు వద్దు. కెర్ మాలిక్ తోటలో పంపు ఎవడు పట్టుకుపోయాడు? ఒక్కటి చెప్పు, వెళ్లిపోతాను."

"అది ఒక్కరే పట్టుకుపోయి ఉంటే చెప్పకూడదక్కా. ముగ్గురూ పట్టుకుపోయి ఉంటే చెప్పొచ్చు."

"ముగ్గురూ పట్టుకుపోయారా?"

"లేదు."

సోహ్నాకు బావి గిలక కళ్లముందు కదిలింది. కోపం ఆపుకోలేక, నోటికలవాటైన తిట్టే తిట్టింది.

"ఇంకెవడు పట్టుకుపోతాడు, మీ న్జియేలే మింగి ఉంటారు! ఇనుము కూడా అరిగించుకునే కడుపులు మీవి!"

ఊసైనూ న్జియే ఒకసారి గుమ్మంవైపు చూసి, తాపీగా టీని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఎత్తి పోశాడు.

"మింగాం అక్కా, మింగాం. మా బిరాం బాబాయి మామిడితోటలో ఉంది మీ పంపు. అప్పట్లో నీళ్ల శాఖ చూసింది ఆయనే కదా, ఇంటికి తెచ్చుకున్నాడు. పోయిన టోబాస్కీ పండక్కి దాని కిందే నా స్నానం. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయనుకున్నావ్! దాని మీద మీ ఊరి పేరు ఇంకా చెరగలేదు, పాపం. జోబ్‌ల సొమ్ము న్జియేలు తినక ఎవరు తింటారు?"

సోహ్నా నవ్వబోయి ఆగింది. "ఒరేయ్, ఇది సరసమా, నిజమా?"

"అది చెబితే సమాచారం అయిపోతుందక్కా," అని అతను కిటికీ మూసేశాడు.

ఊరికి వెళ్లే బస్సు ఎక్కకుండా సోహ్నా రెండో వైపు వెళ్లే బస్సు ఎక్కింది. బిరాం న్జియే గారి మామిడితోట ఎక్కడుందో ఎవరిని అడిగినా చెప్పారు, అంత పచ్చగా ఉన్నది ఆ చుట్టుపక్కల అదొక్కటే. గోడ మీదుగా తొంగి చూస్తే పంపు కనిపించింది. దాని మీద తెల్లరంగుతో 'కెర్ మాలిక్ మహిళల తోట' అని రాసి ఉంది. కాపలా ముసలాయన ఆమెను చూసి, దాహమేమోనని ఒక చెంబెడు నీళ్లు పట్టి ఇచ్చాడు. సోహ్నాకు ఇన్నేళ్లు తాను చేదిపోసిన నీళ్లన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ముసలాయన చూడకుండా కళ్లు తుడుచుకుని, ఫోను తీసి ఫొటో కొట్టింది.

మర్నాడు పొద్దున్న తోటలో ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. సోహ్నా ఊపిరి బిగబట్టి చెప్పింది.

"పంపు పట్టుకుపోయింది బిరాం న్జియే."

తోటంతా నవ్వు. ఒకామె నారుకట్ట కింద పడేసి, తొడ చరుచుకుని నవ్వింది.

"జోబ్ వెళ్లి న్జియే దొంగ అని కనుక్కొచ్చిందే! దీనికి బస్సు దేనికే, ఇంట్లో కూర్చుని చెప్పేదానివి!"

"కాదే, ఒట్టు! నా కళ్లతో చూశాను!"

"ఒట్టు కూడా పెడుతోందే! అబ్బ, నా పొట్ట! ఇంకోసారి చెప్పవే, మా అత్త వినలేదు."

సోహ్నా ఫోను తీసి ఫొటో చూపించింది. అది చేతులు మారుతూ పోయింది, పోయిన చోటల్లా నవ్వు పుట్టింది. ఊరి పేరు కూడా రాయించి ఫొటో తెచ్చిందని, ఇంత కష్టపడి ఆటపట్టించిన జోబ్‌ను తమ జన్మలో చూడలేదని అందరూ మెచ్చుకున్నారు. రోహే పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని ఫొటో పరిశీలనగా చూసింది.

"అచ్చం మన పంపులాగే ఉందే. ఎవరు చేసిపెట్టారు?"

"పెద్దమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి నాతో రా. నీ కళ్లతో నువ్వే చూద్దువు గాని."

"నాట్లు వదిలేసి, సరసం కోసం పూటంతా ప్రయాణమా? వెర్రిదానా, నవ్వించింది చాల్లే. ఇప్పుడు అసలు సంగతి చెప్పు, ఎవరికి వేద్దాం?"

ఆ వారంలోనే బిరాం న్జియే గారు కెర్ మాలిక్‌కు ప్రచారానికి వచ్చారు. మైకులు, డప్పులు, ఆయన మొహం అచ్చేసిన చొక్కాలు, అన్నీ వచ్చాయి. కేంద్రంవారి నిష్పక్షపాత పరిశీలకుడు కూడా ఒకాయన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. న్జియే గారు నీళ్ల గురించి మాట్లాడుతూ, ప్రతి చుక్కా ప్రజలదే అనేసరికి సోహ్నా ఇక తట్టుకోలేకపోయింది. జనాన్ని తోసుకుంటూ వేదిక ముందుకు వెళ్లి, వేలు చూపించి అరిచింది.

"దొంగా! మా పంపు ఇచ్చెయ్! నీ మామిడిచెట్లకు పోస్తున్న నీళ్లు మావి!"

డప్పులు ఆగిపోయాయి. న్జియే గారి మొహంలో రంగు మారింది. చెమట పట్టింది. ఆయన వెంట వచ్చినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పరిశీలకుడు కలం మూత తీశాడు. కెర్ మాలిక్ పంపు ఆ ఒక్క నిమిషం తిరిగి వచ్చేంత దగ్గరలో ఉంది.

న్జియే గారు మైకు సర్దుకుని, మెల్లగా అడిగారు. "నీ ఇంటిపేరేంటమ్మా?"

"జోబ్!" అని జనమంతా ఒక్క గొంతుతో అరిచారు.

న్జియే గారికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. రెండు చేతులూ చాచి ఆకాశంలోకి చూసి నవ్వారు.

"జోబా! ముందే చెప్పొద్దూ! అవునమ్మా, నేనే తీసుకున్నాను! లారీ పంపించి ఊడదీయించాను! బ్రహ్మాండంగా పనిచేస్తోంది, మామిడికాయలు ఇంతింత కాస్తున్నాయి! ఇంకోటి పెట్టించుకోండి, అదీ తీసుకుపోతాను!"

జనం విరగబడి నవ్వారు. డప్పులు రెట్టింపు జోరుతో మోగాయి. ముసలమ్మలు లేచి ఆడారు. ఒక అభ్యర్థి, మైకులో, పరిశీలకుడి సమక్షంలో, తన గతచరిత్రను దాచుకోకుండా పూర్తిగా ఓటర్ల ముందు పెట్టడం ఆ ఎన్నికల్లో అదే మొదలు, అదే చివర. పరిశీలకుడు కలానికి మూత పెట్టేసి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టాడు.

"చూశావా, ఎంత సరదా మనిషో!" అంది రోహే పెద్దమ్మ సోహ్నా భుజం మీద చెయ్యి వేసి. "అంత పెద్దవాడై ఉండి నీ మాటకు కోపం తెచ్చుకోలేదు. నిజంగా తీసుకున్నవాడైతే ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకున్నాడు కదా పెద్దమ్మా!"

"అదేనే నేననేది."

పోలింగు రోజున ఆడవాళ్లంతా నవ్వుకుంటూ వరుసలో నిలబడ్డారు. లోపలికి వెళ్లిన ప్రతివాళ్లూ గోళీ జారవిడిచారు, ప్రతిసారీ గంట మోగింది. సోహ్నా వంతు వచ్చినప్పుడు ఆమె మూడు డ్రమ్ముల ముందు చాలాసేపు నిలబడింది. దన్సో సంగతి ఆమెకు తెలియదు, సోవే సంగతీ తెలియదు. తెలిసింది ఒక్కడి సంగతే. ఆ తెలిసినవాడి డ్రమ్మును వదిలేసి, చేతికి దగ్గరగా ఉన్న డ్రమ్ములో గోళీ వేసి బయటికి వచ్చింది.

బిరాం న్జియే గారు గెలిచారు. కెర్ మాలిక్‌లో ఒక్క గోళీ తప్ప అన్నీ ఆయనవే. తప్పిన ఆ ఒక్కటి ఎవరిదో ఊరందరికీ తెలుసు. సోహ్నాను ఎవరూ తప్పుపట్టలేదు. బావి దగ్గర చేద అందిస్తూ రోహే పెద్దమ్మ మాత్రం, సరసం ఎంత బాగున్నా దాన్ని ఓటు దాకా తీసుకెళ్లకూడదని మెల్లగా బుద్ధి చెప్పింది.